మూడు మీటింగులు, ఒక తీగ

ఫిజిక్సు మీటింగుకి బెనిఫిట్ షో జనం వస్తారా? ఒక్కసారి వచ్చారు. 1987 మార్చి 18 రాత్రి, న్యూయార్క్ హిల్టన్ హోటల్లో. అమెరికన్ ఫిజికల్ సొసైటీ వాళ్ళు ఏటా మార్చిలో పెట్టే మీటింగది. యూనివర్సిటీ ప్రొఫెసర్లూ, ఐబీఎం, బెల్ ల్యాబ్స్ లాంటి కంపెనీల పరిశోధకులూ ఒకచోట కలిసే జాతర అన్నమాట. మామూలుగా అయితే ఒక్కో గదిలో ముప్పై నలభై మంది, సగం మందికి నిద్ర. ఆ రాత్రి మాత్రం సుమారు రెండువేల మంది ఒకే హాల్లోకి తోసుకొచ్చారు. లోపల చోటు దొరకనివాళ్ళు బయట టీవీల ముందు నిలబడ్డారు. సాయంత్రం ఏడున్నరకి మొదలై తెల్లవారుజామున మూడుంబావుకి ముగిసింది. ముగిశాక కూడా జనం కదల్లేదు, వసారాల్లో నిలబడి తెల్లారేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. శివరాత్రి జాగారమే, కాకపోతే శివుడి బదులు నల్లటి సెరామిక్ బిళ్ళ.

ఈ రాత్రికి తర్వాత "ఫిజిక్సు ఉడ్‌స్టాక్" అని పేరొచ్చింది (ఉడ్‌స్టాక్ 1969లో అమెరికాలో జరిగిన పెద్ద సంగీత జాతర). దీని గురించి రాసినవాళ్ళు చాలామంది ఆ రాత్రి దగ్గరే ఆగిపోతారు. నాకేమో ఆ రాత్రి కంటే ఆ తర్వాత ముప్పైయేళ్ళు ఏం జరిగిందన్నదే ఆసక్తి. పరిశోధనకీ పరిశ్రమకీ పెళ్ళి చేస్తామని పెట్టే మీటింగుల్లో నిజంగా ఏది పనిచేస్తుందో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి కథ నాకు కనపడలేదు. ఆ పాఠం ఈ రోజు మన ఆఫీసుల్లో జరుగుతున్న దానికి కూడా బాగా వర్తిస్తుంది. అది చివర్లో చెప్తాను.

ముందు కొంచెం పాత కథ. 1911లో హాలెండులోని లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ అనే ఆయన పాదరసాన్ని ద్రవ హీలియంతో చల్లబరిచి చూస్తే, 4.2 కెల్విన్ దగ్గర, అంటే సున్నాకి 269 డిగ్రీలు కింద, దాని విద్యుత్ నిరోధం ఉన్నట్టుండి మాయమైపోయింది. తగ్గడం కాదు, మాయం. కరెంటు ఒకసారి పెడితే అలా తిరుగుతూనే ఉంటుంది. దీన్నే అతివాహకత అన్నారు. ఓన్స్ గారు వెంటనే పెద్ద పెద్ద అయస్కాంతాలు చేసేద్దామనుకున్నారు. కుదర్లేదు. కొంచెం అయస్కాంత క్షేత్రం తగలగానే ఆ గుణం పోయేది. బలమైన అయస్కాంతాన్ని తట్టుకునే పదార్థం నయోబియం-టిన్ అని బెల్ ల్యాబ్స్ వాళ్ళు చూపించింది 1961లో. అంటే కనిపెట్టిన యాభైయేళ్ళకి! ఈ యాభై అనే అంకె గుర్తుపెట్టుకోండి.

ఇంకో చిక్కు చలి. 1973 నాటికి రికార్డు 23 కెల్విన్. ఆ తర్వాత పదమూడేళ్ళు అంగుళం కదల్లేదు. హీలియం ఖరీదు, దాన్ని ద్రవంగా ఉంచడం ఇంకా ఖరీదు. అందుకే అతివాహకాలు ఆసుపత్రి ఎంఆర్ఐ యంత్రాల్లో, పెద్ద ప్రయోగశాలల్లో తప్ప ఎక్కడా కనిపించేవి కావు.

అప్పుడు జ్యూరిక్ దగ్గర ఐబీఎం ల్యాబులో ఇద్దరు ఒక వెర్రి పని మొదలుపెట్టారు. స్విస్ ఆయన అలెక్స్ ముల్లర్, జర్మన్ ఆయన గియోర్గ్ బెడ్‌నోర్జ్. లోహాలు వదిలేసి ఆక్సైడుల్లో, అంటే కప్పుసాసర్ల జాతి పదార్థాల్లో, అతివాహకత కోసం వెతికారు. మామూలుగా అవి కరెంటుని దగ్గరికి రానీయవు. ముల్లర్ అప్పటికే ఐబీఎం ఫెలో, అంటే తనకి నచ్చింది చేసుకునే స్వేచ్ఛ ఉన్న మనిషి. 1983 నుంచి చడీచప్పుడు లేకుండా పనిచేశారు. 1986 జనవరిలో బేరియం, లాంథనం, రాగి ఆక్సైడు కలిసిన ముక్కలో 30 కెల్విన్ దాటిన దగ్గర నిరోధం పడిపోవడం చూశారు. ఆ సెప్టెంబర్లో వాళ్ళ పేపరు ఒక జర్మన్ జర్నల్లో వచ్చింది. శీర్షికలోనే "అయ్యుండొచ్చు" అని జాగ్రత్తగా రాసుకున్నారు. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకున్నది టోక్యోలో షోజి తనాకా బృందం. ఇది నిజమేనని ఆ ఏడాది చివరికల్లా తేల్చారు. ఇక చూస్కోండి, పరుగు మొదలైంది. 1987 జనవరి 29న అమెరికాలో ఎం. కె. వూ, పాల్ చూ బృందాలు లాంథనం బదులు యిట్రియం పెట్టి చూస్తే 93 కెల్విన్! ఇందులో అసలు సంగతేంటంటే, ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్ దగ్గర మరుగుతుంది. అంటే ఇక హీలియం అక్కర్లేదు. నైట్రోజన్ గాలిలోనే ఉంది, ద్రవ నైట్రోజన్ పాల ధరకి దొరుకుతుంది.

ఇక్కడొక పిట్టకథ. చూ గారు జర్నల్‌కి పంపిన రాతప్రతిలో యిట్రియం గుర్తుకి బదులు యిటర్బియం గుర్తు పడింది. పేపరు అచ్చు కాకముందే ఆ మాట బయటికి పొక్కి, కొన్ని ల్యాబుల్లో యిటర్బియంతో కుస్తీ పట్టారు. అచ్చుకి వెళ్ళే ముందు చూ సరిదిద్దారు. టైపింగు పొరపాటని ఆయన అన్నారు, నమ్మనివాళ్ళు నమ్మలేదు :) తమాషా ఏంటంటే యిటర్బియంతో చేసినది కూడా అతివాహకమేనని తర్వాత తేలింది.

మార్చి మీటింగుకి పేపర్లు పంపే గడువు డిసెంబర్లోనే అయిపోయింది. ఈ గొడవంతా ఆ తర్వాతది. అందుకని బ్రయన్ మేపుల్ అనే ప్రొఫెసర్ గారి ఆధ్వర్యంలో గడువు దాటిన పేపర్ల కోసం ప్రత్యేకంగా ఒక రాత్రి సభ పెట్టారు. 51 మంది వక్తలు. మొదట మాట్లాడిన కొద్దిమంది ముఖ్యులకి తప్ప మిగతావాళ్ళకి తలా ఐదు నిమిషాలు. ముల్లర్, తనాకా, చూ, బెల్ ల్యాబ్స్ నుంచి బాట్లాగ్, బీజింగ్ నుంచి జావ్. ఎవరు ఏం కలిపారో, ఎంతసేపు కాల్చారో, ఏం వచ్చిందో, అన్నీ బాహాటంగా చెప్పేశారు. పొడులు కల్వంలో నూరి, కొలిమిలో కాల్చి, ఆక్సిజన్లో చల్లార్చడమే కాబట్టి, విన్నవాళ్ళు ఊరికెళ్ళి మర్నాడే చేసి చూడొచ్చు. చేశారు కూడా. ఆ తర్వాత హైస్కూలు పిల్లలు కూడా చేశారు. అంత బాహాటంగా సాగిన మీటింగు కాబట్టే ఏది నిజం, ఏది ఉత్తదన్నది వారాల్లో తేలిపోయింది. ఇది మొదటి మీటింగు. దీనికి నేను దణ్ణం పెడతాను.

మన దగ్గర కూడా ఊరుకోలేదు. బెంగుళూరు ఐఐఎస్‌సీలో సి. ఎన్. ఆర్. రావు గారి బృందం అప్పటికి ఎన్నో ఏళ్ళుగా ఇలాంటి ఆక్సైడుల మీదే పనిచేస్తోంది. ఈ కొత్త పదార్థంలో అతివాహకత ఏ భాగం వల్ల వస్తోందో చెప్పే పేపరు 1987లోనే నేచర్‌లో వేశారు. ఢిల్లీ, ముంబయి ల్యాబులూ దిగాయి. మన ప్రభుత్వం కూడా ఒక జాతీయ కార్యక్రమం పెట్టింది. హైదరాబాదులో బీహెచ్ఈఎల్ పరిశోధన విభాగం అతివాహక జనరేటర్ మీద పనిచేసింది.

ఇక పత్రికలు. ఎగిరే రైళ్ళు, నష్టం లేని కరెంటు తీగలు, అరచేతిలో పట్టే సూపర్ కంప్యూటర్లు... 1987 మేలో టైమ్ పత్రిక ముఖచిత్రం ఇదే. అక్టోబర్లో బెడ్‌నోర్జ్, ముల్లర్‌లకి నోబెల్. పేపరొచ్చిన ఏడాదికే నోబెల్ రావడం దాదాపు ఎక్కడా వినని సంగతి.

ఈ మధ్యలో జరిగింది రెండో మీటింగు. జులై 28, 29 తేదీల్లో వాషింగ్టన్‌లో, అమెరికా ప్రభుత్వమే పెట్టింది. పేరే "అతివాహకత వాణిజ్య ఉపయోగాలపై ఫెడరల్ సదస్సు". శాస్త్రవేత్తల్నీ కంపెనీల పెద్దల్నీ ఒకచోట కూర్చోబెట్టి, కనిపెట్టినదాన్ని సరుకుగా ఎలా మార్చాలో తేల్చడం ఉద్దేశం. అధ్యక్షుడు రీగన్ స్వయంగా వచ్చి పదకొండు అంశాల ప్రణాళిక ప్రకటించారు. సలహా సంఘం, జాతీయ ల్యాబుల్లో అతివాహకత కేంద్రాలు, రక్షణ శాఖ నుంచి మూడేళ్ళలో దాదాపు 15 కోట్ల డాలర్లు, కంపెనీలు కలిసి ఉత్పత్తి చేసుకోవడానికి వీలుగా గుత్తాధిపత్య చట్టాల్లో సడలింపు, పేటెంటు రక్షణ. జాతీయ ల్యాబుల్లో పుట్టే వ్యాపార విలువున్న సమాచారం సమాచార హక్కు కింద బయటికి పోకుండా అడ్డుకట్ట కూడా అందులో ఉంది.

ఆ సదస్సుకి విదేశీ ప్రతినిధులకి ప్రవేశం లేదు.

ఎందుకో అర్థం చేసుకోవచ్చు. ట్రాన్సిస్టర్ అమెరికాలో పుడితే రేడియోలు జపాన్ అమ్ముకుంది. వీసీఆర్లు, మెమరీ చిప్పులు, అదే వరస. ఆ ఏప్రిల్లోనే చిప్పుల తగువులో రీగన్ జపాన్ ఎలక్ట్రానిక్సు మీద నూరు శాతం సుంకం వేశారు. మళ్ళీ మోసపోకూడదన్నది వాళ్ళ భయం. కానీ ఒక్కసారి వరస చూడండి. కనిపెట్టింది స్విట్జర్లాండులో, ఒక స్విస్, ఒక జర్మన్. నిజమని తేల్చింది టోక్యో. రికార్డు బద్దలుకొట్టినవాళ్ళలో చూ చైనాలో పుట్టి తైవాన్‌లో పెరిగినాయన, వూ తైవాన్ నుంచి వచ్చినాయన. బీజింగ్, బెంగుళూరు వెనకాలే ఉన్నాయి. ఊరందరూ కలిసి తవ్విన బావికి ఒకరొచ్చి తాళం వేసినట్టు లేదూ?

అయితే ఆ తలుపు మూయడం వల్ల పెద్దగా లాభమూ రాలేదు, నష్టమూ రాలేదు. ఎందుకంటే లోపల కూర్చున్నవాళ్ళ చేతిలో దాచడానికి ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక బిళ్ళ. కావలసింది తీగ. ఇక్కడే అసలు కథ మొదలవుతుంది.

ఆ పదార్థం సెరామిక్. గాజుతో గాజులు చేస్తాం గానీ గాజుతో తాడు పేనగలమా? సరే, పెళుసుతనాన్ని ఎలాగోలా దాటినా ఇంకో పెద్ద అడ్డంకి ఉంది. 1987 మేలో ఐబీఎంలో ప్రవీణ్ చౌధరి బృందం (ఈయన ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివిన మనవాడే) ఒకే స్ఫటికంలా పెంచిన పలచటి పొరలో, నైట్రోజన్ చలిలోనే, చదరపు సెంటీమీటరుకి లక్ష ఆంపియర్లు పంపించి చూపించింది. అదే కాల్చిన బిళ్ళలోనైతే అందులో వందో వంతు కూడా కష్టమే. ఎందుకని? 1988లో వాళ్ళే తేల్చారు. బిళ్ళ అంటే కోట్ల చిన్న స్ఫటిక రేణువులు. పక్కపక్క రేణువుల దిశల మధ్య తేడా పది డిగ్రీల దాకా వెళ్ళిందంటే వాటి సరిహద్దు దగ్గర కరెంటు దారుణంగా పడిపోతుంది. పట్టాలు కలవని జంక్షన్‌లో రైలు ఆగినట్టు. అంటే మనకి కిలోమీటరు తీగ కావాలంటే, ఆ కిలోమీటరు పొడవునా ప్రతి రేణువూ పక్క రేణువుతో కొద్ది డిగ్రీల తేడాలో వరసలో నిలబడాలి. పెళుసు పదార్థంలో. ఫ్యాక్టరీలో. అందుబాటు ధరలో.

మన భాషలో చెప్పాలంటే, డెమో అయింది, ప్రొడక్షన్ మిగిలింది.

మొదటి దారి 1988లో జపాన్‌లో హిరోషి మయెదా కనిపెట్టిన బిస్మత్ జాతి ఆక్సైడు. దాన్ని పొడి చేసి వెండి గొట్టంలో కూరి, సాగదీసి, చదును చేస్తే రేణువులు కొంత వరకు వాటంతటవే వరసలో పడతాయి. 1987లో ఎంఐటీ ప్రొఫెసర్లు పెట్టిన అమెరికన్ సూపర్‌కండక్టర్ అనే కంపెనీ ఈ దారిలో ఏళ్ళ తరబడి నడిచింది. తీగ వచ్చింది గానీ వెండి ఖర్చు. పైగా మొదటి పెద్ద ప్రయత్నాల్లో ఎదురుదెబ్బలు. 2001లో డెట్రాయిట్‌లో భూమిలో వేసిన కేబుళ్ళు పనిలోకి రాలేదు. తప్పు అతివాహకానిది కాదు, చలి నిలిపే శూన్యపు గొట్టాల్లో లీకు. అంటే ఫిజిక్సు పాసయింది, ప్లంబింగు తప్పింది!

రెండో దారి ఇంకా అందమైనది. రేణువుల్ని వరసలో నిలబెట్టే పని అతివాహకానికి అప్పజెప్పకుండా, దాని కింద ఉన్న పొరకి అప్పజెప్పడం. ముగ్గు చుక్కలు సరిగ్గా పెడితే గీత దానంతటదే కుదురుతుంది కదా, అలాగ. జపాన్‌లో ఫుజికురా కంపెనీ వాళ్ళు 1991లో అయాన్ల ధారతో కింది పొరని వరసగా పెంచే పద్ధతి చూపించారు. 1995లో లాస్ అలమోస్ దాన్ని ముందుకి తీసుకెళ్ళింది. ఓక్ రిడ్జ్ ల్యాబులో అమిత్ గోయల్ బృందం (ఈయనా ఖరగ్‌పూరే) నికెల్ రేకునే చపాతీలా వత్తి, కాల్చి, దానిలోని రేణువులన్నీ ఒకే దిశకి తిరిగేలా చేసి, దాని మీద మిగతా పొరలు పెంచింది. చివరికి వచ్చింది తీగ కాదు, రిబ్బను. లోహపు రేకు, దాని మీద కొన్ని పలచటి పొరలు, ఒకటి రెండు మైక్రాన్ల అతివాహకం, పైన వెండి, రాగి. మొత్తం మందంలో అసలు సరుకు ఒకటి రెండు శాతమే. మిగతాదంతా దాన్ని నిలబెట్టడానికే. మన సిస్టమ్స్‌లో కూడా అంతేగా? అల్గారిదమ్ నాలుగు లైన్లు, దాని చుట్టూ నలభైవేల లైన్లు.

ఈ పని జరిగిన చోటే నా మూడో మీటింగు. అమెరికా ఇంధన శాఖ వాళ్ళు ఏడాదికోసారి ఒక సమీక్ష పెట్టేవారు. జాతీయ ల్యాబుల వాళ్ళూ కంపెనీల వాళ్ళూ పక్కపక్కన నిలబడి లెక్క చెప్పాలి. పోయినేడు ఎన్ని మీటర్లు చేశారు, ఎన్ని ఆంపియర్లు మోసింది, ఎక్కడ తెగింది, వచ్చే ఏడు ఎంత. బయటివాళ్ళు మార్కులు వేసేవారు. టీవీలు లేవు, ముఖచిత్రాలు లేవు, అధ్యక్షుడు అసలే లేడు. సెంటీమీటర్లు మీటర్లయ్యాయి, మీటర్లు వందలయ్యాయి, 2000ల చివరికి కిలోమీటరు. 2008లో న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లో 600 మీటర్ల అతివాహక కేబులు నిజమైన గ్రిడ్డులో పనిలోకి వచ్చింది. 2014లో జర్మనీలోని ఎసెన్‌లో కిలోమీటరు, 2021లో షాంఘైలో 1.2 కిలోమీటర్లు.

తీరా రిబ్బను చేతికొచ్చే వేళకి జనానికి ఓపిక అయిపోయింది. 2010 దాటాక ఇంధన శాఖ కార్యక్రమానికి నిధులు ఎండిపోయాయి. 2008లోనే బెల్ ల్యాబ్స్ ఫిజిక్సు మౌలిక పరిశోధన నుంచి తప్పుకుంటున్నట్టు దాని యాజమాన్యం ప్రకటించింది. ఆ హిల్టన్ రాత్రి వేదిక మీద ఉన్న బెల్ ల్యాబ్స్ అది. ముల్లర్ లాంటివాణ్ణి మూడేళ్ళు వదిలేసే కంపెనీ ఈ రోజు ఎన్ని ఉన్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నాకు నిజంగా బాధ కలిగేది ఇక్కడే. మొత్తం కథలో పరిశోధనకీ పరిశ్రమకీ అసలైన కలయిక జరిగింది రెండు చోట్ల. ఒకటి, ఇద్దరు మనుషులు ఏం చేస్తున్నారో అడగని ఒక కంపెనీ ల్యాబులో. రెండు, మీటర్లు లెక్కపెట్టుకున్న ఆ విసుగు సమీక్షల్లో. రెండింటికీ చప్పట్లు లేవు, అలాంటి చోట్లే ముందు కరువయ్యాయి. చప్పట్లున్న సదస్సులు మాత్రం ఏ దేశంలోనైనా, ఏ విషయం మీదైనా, ప్రతి ఏడూ జరుగుతూనే ఉన్నాయి.

మరి 1987 నాటి మాటలు ఏమయ్యాయి? ఎగిరే రైలు వచ్చింది. 2015లో జపాన్‌లో గంటకి 603 కిలోమీటర్లు పరిగెత్తింది. కాకపోతే అందులో వాడింది పాత నయోబియం-టైటానియం, హీలియం చలి. ఎంఆర్ఐలో దాదాపు ఇప్పటికీ అదే. అరచేతి కంప్యూటర్ వచ్చింది, సిలికాన్‌తో. కొత్త పదార్థం మొదట పనికొచ్చింది ఎవరూ కలగనని చోట్ల. సెల్ టవర్లలో సిగ్నల్ వడగట్టే ఫిల్టర్లుగా, సెర్న్ పెద్ద యంత్రంలోకి కరెంటు మోసుకెళ్ళే లీడ్లుగా. ఇక 2021 సెప్టెంబర్లో ఎంఐటీ, కామన్‌వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్ కలిసి ఆ రిబ్బను 267 కిలోమీటర్లు చుట్టి 20 టెస్లాల అయస్కాంతం చేశారు, ఫ్యూజన్ రియాక్టర్ కోసం. హిల్టన్ రాత్రికి ముప్పైనాలుగేళ్ళు. ఓన్స్ నుంచి బెల్ ల్యాబ్స్ దాకా పట్టిన యాభై గుర్తుందా? ఈసారి కొంచెం తొందరగానే అయిందన్నమాట.

నేను ఫస్టియర్‌లో చదువుకున్న ఫిజిక్సు పుస్తకంలో ఈ మొత్తం కథ ఒక్క లైను: "ఉపయోగాలు: మాగ్లెవ్ రైళ్ళు, విద్యుత్ కేబుళ్ళు". ఐదు మార్కులకి రాసి పాసయ్యాం. ఆ లైనులోని కామా వెనక ఎన్ని జీవితాలున్నాయో ఎవరూ చెప్పలేదు.

2023 జులైలో కొరియా నుంచి ఎల్‌కే-99 అని మళ్ళీ ఒక తుఫాను వచ్చింది చూడండి, గది ఉష్ణోగ్రత దగ్గరే అతివాహకమని. మన ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వాళ్ళతో సహా ప్రపంచమంతా చేసి చూసింది. కొద్ది వారాల్లో కాదని తేలింది. అది ఫిజిక్సు గెలుపే. బాహాటంగా చెప్పి, బాహాటంగా పరీక్షించే హిల్టన్ పద్ధతి ఇంకా బతికే ఉంది.

ఇప్పుడు మన సంగతి. ఈ రెండు మూడేళ్ళలో నేను చూసిన ఏఐ డెమోలకి లెక్క లేదు. పదిహేను నిమిషాల డెమో, చప్పట్లు, "ఇక మీ టీములో సగం చాలు" అనే మాట. ఒకచోట ఆ డెమోని నిజం పనికి తేవడానికి మా వాళ్ళు ఆరుగురు తొమ్మిది నెలలు రాత్రింబవళ్ళు పనిచేశారు. డేటా శుభ్రం చేయడం, తప్పుడు జవాబులు పట్టుకోవడం, అర్ధరాత్రి కూలిపోతే లేపడం. ఆ తొమ్మిది నెలలకి మీటింగు లేదు, చప్పట్లు లేవు. అప్రైజల్లో కూడా "సపోర్ట్ వర్క్" అని రాశారు. డెమో అబద్ధమని నేననడం లేదు. 93 కెల్విన్ కూడా అబద్ధం కాదు. కానీ బిళ్ళని చూసి తీగ వచ్చేసిందనుకుని ఉద్యోగాలు తీసేసేవాళ్ళనీ, తీగ రావడం లేదని పదో ఏట నిధులు ఆపేసేవాళ్ళనీ చూస్తే, రెండు తప్పులూ ఒకే చోట పుట్టాయనిపిస్తుంది. మధ్యలో పని ఉంటుందన్న సంగతి ఇద్దరికీ తెలియదు.

అంచేత ఈసారి ఎవరైనా వేదికెక్కి ప్రపంచం మారిపోయిందంటే, నమ్మొద్దని చెప్పను. చేయెత్తి ఒక్కటే అడగండి: ఇప్పటికి ఎన్ని మీటర్లు చేశారండీ? జవాబు సెంటీమీటర్లలో వచ్చినా ఫర్వాలేదు. వచ్చే ఏడు మళ్ళీ అడగడానికి మీరు అక్కడ ఉంటే చాలు.